ఉప్పు జాడీ మూత

ఆ వంటింట్లో మనుషులు నోరు తెరవకూడదు కాబట్టి ఉప్పు జాడీ మూతే మాట్లాడుతుంది. మూత బొడిపె పైకి ఉంటే వంటలో ఇంకా ఉప్పు పడలేదని, బొడిపె జాడీలోకి పోయేలా తిరగేసి ఉంటే పడిపోయిందని. పెళ్లయి వచ్చిన మూడో రోజు అత్తగారు నళిని ఈ సంగతి చెప్పినప్పుడు అభిజ్ఞకు ఎంత నచ్చిందంటే, అప్పటికప్పుడు మేడ మీదికి పరిగెత్తి వాళ్లమ్మకు ఫోన్ చేసి మరీ చెప్పింది.

పాతబస్తీ జహనుమాలో ఒక గల్లీ చివర చిన్న గుడి, గుడి గోడకు ఆనుకుని వాళ్ల ఇల్లు. మామగారు రామానుజం ఆ గుడి అర్చకులు. ఆయన తండ్రి, తాత కూడా అక్కడే అర్చన చేశారు. స్వామికి పెట్టే నైవేద్యం ఇంటి వెనక వేరుగా ఉన్న వంటింట్లో మడితో వండాలి. స్వామి ఆరగించకముందు దాన్ని రుచి చూడకూడదు, వాసన చూడకూడదు, తుంపర పడుతుందని దాని దగ్గర మాట్లాడకూడదు. ఆ వంటింట్లో అడుగుపెట్టేది ముగ్గురే: వండే నళిని, కొత్తగా ఆమెకు తోడైన అభిజ్ఞ, వండిన గిన్నెను గుడికి మోసుకెళ్లే రామానుజం. ఆ వేళకు అభిజ్ఞ భర్త గోవింద్ గుడిలో మైకు ముందు కూర్చుని పాశురాలు చదువుతుంటాడు. అభిజ్ఞ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసింది, చాంద్రాయణగుట్టలో ఒక జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ల్యాబులో ఏదీ నోట్లో పెట్టుకోకండి, ముక్కు దగ్గరికి తెచ్చుకోకండి, కబుర్లు ఆపి పని చేయండి అని పిల్లలకు చెప్పీ చెప్పీ గొంతు పోగొట్టుకున్న మనిషి. అత్తగారింట్లో కూడా ఒక ల్యాబు ఉందని, దాని నియమాలు తన ల్యాబు కన్నా గట్టివని తెలిసి మురిసిపోయింది.

మురిసిపోవడానికి ఆమెకు పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. ధనుర్మాసం మొదలయ్యాక తెల్లవారుజామున నాలుగింటికి చన్నీళ్లు పోసుకోవాల్సి వచ్చినా, తడి జుట్టు ముడేసుకుని పెరట్లో నిలబడితే పొగమంచులోంచి మసీదు అజాన్, దాని వెంటనే గుడి మైకులో గోవింద్ గొంతు వినిపిస్తే, ఆ రెండూ తన కోసమే ఏర్పాటు చేసినట్టు అనిపించేది. ఫలక్‌నుమా నుంచి మొదటి లోకల్ రైలు కూత వేస్తే పొంగలి పొంగే వేళయిందని గుర్తు. పొద్దున గోవింద్ స్కూటర్ మీద ఆమెను కాలేజీ దగ్గర దింపేవాడు. ఫ్లైఓవర్ నీడలో బండి ఆపి, కారం చల్లిన జామకాయ ఒకటి కొని, సగం కొరికి మిగతా సగం ఆమెకిచ్చేవాడు. ఎంగిలి తిన్నారని ఇంట్లో తెలిస్తే ఇద్దరికీ చీవాట్లు తప్పవు. ఆ సగం జామకాయ కోసమే ఆమె పొద్దునంతా ఎదురుచూసేది.

అంత మురిపెంలో కొన్ని సంగతులు కళ్ల ముందే ఉన్నా కనిపించవు. ఆమె దగ్గరొక స్టీలు టిఫిన్ డబ్బా ఉంది. డిగ్రీ రెండో ఏడు వక్తృత్వ పోటీలో వచ్చిన రెండో బహుమతి. మూత మీద ఆమె పేరు చెక్కి ఉంటుంది. ఆ రోజు పోటీకి ఇచ్చిన విషయం ఆత్మగౌరవం. ఏడు నిమిషాల పాటు దేశం గురించి, భాష గురించి, ఉద్యమాల గురించి చేతులు ఊపుతూ మాట్లాడింది. పొయ్యి దగ్గర నిలబడిన మనిషికి దాంతో ఏం పని అన్నదాని మీద ఒక్క వాక్యం కూడా లేదు. ఆ డబ్బా ఇప్పుడు గోవింద్ ఆఫీసుకు అన్నం తీసుకెళ్తుంది. ఒకరోజు అతను దాని మీది పేరు కనిపించకుండా మామిడిపండు బొమ్మ స్టిక్కర్ అంటించుకొచ్చాడు. పెళ్లాం పేరు మోసుకుంట తిరుగుతున్నవని ఆఫీసులో నవ్వుతున్నారట. అభిజ్ఞ కూడా నవ్వింది. స్టిక్కర్ అంచు ఒకటి లేచి ఉంటే తనే బొటనవేలితో నొక్కి సరిగా అంటించింది కూడా.

ధనుర్మాసం మొదటి ఆదివారం గుడి కిటకిటలాడింది. ఆ రోజు మిరియాల పొంగలి పెద్ద గిన్నెలో వండారు. నళిని ఉప్పు వేసి మూత తిరగేసింది. అన్నాళ్లూ బియ్యం కడిగిచ్చి బయటికి వచ్చేసే అభిజ్ఞ ఆ రోజే మొదటిసారి చివరిదాకా ఉంది కాబట్టి అది చూసింది. నెయ్యి పోసి, మిరియాలు జీలకర్ర తాలింపు వేసి, అరటాకు కప్పబోతుండగా రామానుజం హడావిడిగా లోపలికొచ్చారు. తిరగేసిన మూతను పక్కకు నెట్టి, జాడీలో చెయ్యి పెట్టి, నిండు గుప్పెడు ఉప్పు తీసి పొంగలిలో చల్లారు. గరిటెతో రెండు తిప్పులు తిప్పారు. అభిజ్ఞ మాట్లాడకూడదు కాబట్టి చెయ్యెత్తి జాడీ వైపు చూపించింది, రెండు వేళ్లు చూపించింది, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఆయన అరచెయ్యి ఎత్తి నిశ్శబ్దం అన్నట్టు ఆమె ముందు పెట్టారు. నళిని నేల చూపులు చూస్తూ నిలబడింది. గిన్నె గుడికి వెళ్లిపోయింది.

ఆరగింపు అయ్యాక గోష్ఠి. అందరూ వరసగా కూర్చుంటే చిన్న దొప్పల్లో ప్రసాదం పంచుతారు. స్తంభం పక్కన ఆడవాళ్ల వరసలో కూర్చున్న అభిజ్ఞకు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నవాళ్ల మొహాలు వరసగా ముడుచుకోవడం కనిపించింది. ప్రసాదం కాబట్టి ఎవరూ కింద పెట్టలేదు. గుడి కమిటీ పెద్ద జగదీశ్వర్ రెండు గుక్కల నీళ్లు తాగి, నొప్పించకుండా అడుగుతున్నట్టు నెమ్మదిగా అడిగాడు.

"అయ్యగారూ, ఇయ్యాల ఉప్పు జర ఎక్కువ పడ్డట్టున్నది గదా."

రామానుజం ఇంకా మైకు ముందే ఉన్నారు. మైకు ఆన్‌లో ఉంది. "మా కొత్త కోడలు వంట" అని ఆయన నవ్వారు. "మా అభిజ్ఞకు ఇంకా చెయ్యి తిరగలే. మీరే సర్దుకోవాలె."

ఆ మాట స్పీకర్లోంచి గల్లీ మొత్తానికి వినిపించింది. పాల ప్యాకెట్లు వేసేవాళ్లకు, నమాజు అయ్యి వస్తున్నవాళ్లకు, మేడ మీద బట్టలు ఆరేస్తున్నవాళ్లకు. గోష్ఠిలో అందరూ ముచ్చటపడుతూ నవ్వారు. గోవింద్ కూడా నవ్వాడు, ఆమె వైపు చూసి కన్ను గీటాడు కూడా. ముద్దుగా అన్న మాటే కదా అన్నట్టు. అభిజ్ఞ పెదాలు తనకు తెలియకుండానే నవ్వినట్టు సాగాయి. ఆ రోజంతా ఆమెకు అందరికన్నా ఎక్కువ కోపం తెప్పించింది ఆ నవ్వే. తన మొహం మీద, తన అనుమతి లేకుండా, తనకు జరిగిన అన్యాయానికి మర్యాద చేసిన నవ్వు.

ఇంటికొచ్చి కాఫీ కలుపుతూ ఆమె లెక్క చూసుకుంది. పెళ్లయి నలభై రోజులు. ఈ నలభై రోజుల్లో పులిహోర, దద్ధోజనం, పొంగలి ఎన్నిసార్లు బాగా కుదిరాయి? ప్రతిసారీ భక్తులు అన్నది ఒకటే మాట: అయ్యగారి చేతి ప్రసాదం. ప్రతిసారీ మామగారు కళ్లు మూసుకుని అన్నది ఒకటే మాట: అంతా స్వామి కటాక్షం. ఆమెకది తప్పనిపించలేదు. దేవుడికి వండే అన్నం మీద తన పేరు రాసుకోవాలని ఏనాడూ అనుకోలేదు. అత్తగారు అనుకున్నట్టు కూడా లేదు. కానీ బాగున్నప్పుడు వంట స్వామిది, అయ్యగారి చేతిది. పాడైనప్పుడు మాత్రం ఒక్కసారిగా వండినవాళ్లకు పేరు పుట్టుకొస్తుందా? ఇన్ని రోజులుగా ఆ గుడిలో ఒక్కసారి కూడా పలకని తన పేరు, మొదటిసారి పలికింది తను చేయని తప్పు కోసమా?

కాఫీ గ్లాసు చేతికిస్తూ నెమ్మదిగానే అంది. అత్తయ్య వేశాక మీరు కూడా ఉప్పు వేశారు కదా మామయ్యా, నేను చెయ్యి చూపించాను కూడా అని. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. పేపరు మడత విప్పుతూ, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పారు.

"స్వామి వంటకాడ నువ్వేసినవ్, నేనేసిన అని వంతులు చెప్పుకుంటరా అమ్మాయ్? ఎవరేస్తె ఏంది, అంతా ఆయనదే."

అంతా ఆయనదే అయితే ఆయన పేరే మైకులో చెప్పాల్సింది. ఈ జవాబు ఆమెకు గంట తర్వాత, అంట్లు తోముతున్నప్పుడు తట్టింది. ఇలాంటి జవాబులన్నీ ఆడవాళ్లకు అంట్ల దగ్గరే ఎందుకు తడతాయో అనుకుని గిన్నెను ఇంకాస్త గట్టిగా రుద్దింది.

వారమంతా ఆ ఉప్పు ఆమె వెంట తిరిగింది. మూల మీద కిరాణా దుకాణం భాయ్ మంచివాడే, "నమక్ ఎంతియ్యాలె భాభీ, పాకెట్టా, బస్తెడా?" అని అడిగి తనే నవ్వుకున్నాడు. మేనత్త ఫోన్ చేసి, మొదట్లో అందరికీ అవుతుంది తల్లీ అని ఓదార్చింది. ఓదార్పు ఎంత దారుణంగా ఉంటుందో అభిజ్ఞకు అప్పుడే తెలిసింది. చేయనిదానికి తిడితే ఎదురు చెప్పొచ్చు. చేయనిదానికి క్షమించేస్తే ఏం చెప్పాలి? కాదు, నేను కాదు అంటే, పాపం ఒప్పుకోలేకపోతోంది అంటారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ మామగారు అదే కథ చెప్పేవారు. చెప్పినకొద్దీ కథ నున్నబడింది. గురువారానికి అందులో ఆమె గరిటె పట్టుకోవడం కూడా రాని పిల్ల అయింది. ఆ కథ సాగుతున్నంతసేపూ టీ గ్లాసుల ట్రే పట్టుకుని అక్కడే నిలబడాల్సి వచ్చేది.

శుక్రవారం జగదీశ్వర్ ఇంటికొచ్చాడు. రెండో ఆదివారం గుడికి చందాలిచ్చే పెద్దవాళ్లు వస్తున్నారని, మళ్లీ తేడా రాకూడదని, కావాలంటే కమిటీ తరఫున వంటమనిషిని మాట్లాడతామని అన్నాడు. రామానుజం మొహంలో నెత్తురు ఇంకిపోయింది. మూడు తరాలుగా స్వామి వంట ఆ ఇంట్లోదే. వంటమనిషి వస్తే ఆ ఇంటి మర్యాద ఏం కావాలి? ఆయన వెంటనే ఒక ఉపాయం చెప్పారు. ఆదివారం గోష్ఠిలో అమ్మాయే అందరికీ నమస్కారం పెట్టి, తప్పు నాదే, ఇకనుంచి జాగ్రత్తగా ఉంటానని చెబుతుంది, దాంతో ఆ మాట అక్కడితో ముగుస్తుంది. జగదీశ్వర్ తలాడించి టీ తాగాడు. ఆ టీ చేసి తెచ్చిన మనిషి గుమ్మం దగ్గరే ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు.

అడిగే పని గోవింద్‌కు అప్పజెప్పారు. సాయంత్రం మేడ మీద, పక్కింటి వాళ్ల పావురాలు గుంపుగా లేచి గుడి గోపురం చుట్టూ తిరుగుతుంటే, అతను ఆమె భుజం మీద చెయ్యి వేసి మొదలుపెట్టాడు. ఆ చెయ్యి అంటే ఆమెకు ప్రాణం. అందుకే అతను అంటున్న మాటలు ఇంకా ఎక్కువ గుచ్చుకున్నాయి.

"ఒక్క మాట అభీ. ఒక్క నిమిషం పని. బాపు పేరు ఉంటది, లొల్లి ఖతం."

"నేను వేయలేదు గోవింద్. మామయ్య వేయడం నేను చూసిన."

"తెలుసు."

ఆమె అతని చేతిని భుజం మీంచి తీసేసింది. "తెలుసా?"

"అమ్మ చెప్పింది. అయితే ఏందిప్పుడు? ఆయనకు నలభై ఏండ్ల పేరు. నీకు ఇంకా ఇక్కడ పేరెక్కడిది, మొన్ననే గద వచ్చినవ్. పోయేదేముంది?"

వెక్కిరింపుగా కాదు, ప్రేమగానే అన్నాడు, బుగ్గ గిల్లాడు కూడా. పావురాల వాళ్లు ఈల వేస్తే గుంపంతా ఒక్కసారి వంపు తిరిగింది. అంతకుముందు రోజు వరకూ ఆ వంపు చూడ్డానికే ఆమె మేడ ఎక్కేది. ఇప్పుడు అదేమీ కనపడలేదు. తెలుసు అన్నాడు. తెలియక నవ్వాడని సరిపెట్టుకుంటూ వచ్చింది వారమంతా. పోయేదేముంది అంటున్నాడు. ఇరవై ఐదేళ్లు ఒక ఇంట్లో పుట్టి పెరిగి, చదివి, ఉద్యోగం తెచ్చుకుని, వందమంది పిల్లలకు మేడం అయి ఇక్కడికొస్తే, వచ్చిన రోజు నుంచి లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందా? సున్నా కాబట్టి ఎంత తీసేసినా ఏమీ తగ్గదనా? పెద్దవాళ్ల గౌరవం గాజుసామాను, జాగ్రత్తగా పట్టుకోవాలి. కొత్త కోడలిది గిన్నె తుడిచే గుడ్డ, దేనికైనా వాడుకోవచ్చు. ఆలోచిస్తా అని మాత్రం చెప్పి కిందికి దిగింది.

శనివారం కాలేజీలో ప్రాక్టికల్స్. ల్యాబులో గాజు వస్తువు ఏది పగిలినా రిజిస్టర్‌లో పగలగొట్టినవాళ్లు పేరు రాసి సంతకం చేయాలి. ఆ రోజు ఒక బ్యూరెట్ పగిలింది. ఎవరూ ఒప్పుకోకపోతే ప్రిన్సిపాల్ వచ్చి కేకలు వేసి వెళ్లాడు. కాసేపటికి చూస్తే స్రవ్య అనే అమ్మాయి నిశ్శబ్దంగా రిజిస్టర్ తెరిచి తన పేరు రాస్తోంది. ఆమె కూర్చున్నది కిటికీ పక్క బల్ల దగ్గర, బ్యూరెట్ పగిలింది తలుపు దగ్గర. అభిజ్ఞ వెళ్లి అడిగింది, నువ్వు పగలగొట్టావా అని.

"లే మేడం. ఎవరైతే ఏంది, నేను రాస్తె లొల్లి ఖతం అయితది గదా."

అక్షరం పొల్లు పోకుండా మేడ మీద విన్న మాటే. ఈ పదహారేళ్ల పిల్లకు ఆ మాట ఎవరు నేర్పారు? ఎవరో నేర్పాల్సిన పనేముంది, ఏ ఇంట్లో వంటింటి గుమ్మం దగ్గర చెవి పెట్టినా వినిపిస్తుంది. మంచి పిల్లవు, సర్దుకుపో, నువ్వు ఒప్పుకుంటే అందరికీ నిమ్మళం. అభిజ్ఞ రెడ్ పెన్ను ఆమె చేతికిచ్చి, నీ చేతిలో పగలనిదానికి నీ పేరు రాయొద్దు, కొట్టేయ్ అంది. గొంతు అనుకున్నదానికన్నా కటువుగా వచ్చింది. స్రవ్య బెదిరిపోయి పేరు మీద గీత గీసింది. కాసేపటికి తలుపు దగ్గరి బల్ల మీది కుర్రాడొకడు తల వంచుకుని వచ్చి సంతకం పెట్టాడు. అంత కోపం స్రవ్య మీద కాదని, రేపు అదే సంతకం పెట్టబోతున్న తన మీదేనని అభిజ్ఞకు తెలుసు. ఏడు నిమిషాల ఉపన్యాసంలో దొరకని అర్థం ఒక పగిలిన గాజుగొట్టం దగ్గర దొరికింది. ఆత్మగౌరవం అంటే తన చేతులు ఏం చేశాయో, ఏం చేయలేదో తనకు గుర్తుండటం. అది మరిచిపొమ్మని ఎంత ముద్దుగా అడిగినా మరిచిపోకపోవడం.

సాయంత్రం అత్తగారు పెరట్లో మడిబట్టలు ఆరేస్తుంటే అభిజ్ఞ సాయం వెళ్లింది. మీకు తెలుసు కదా అత్తయ్యా, మరి ఒక్క మాట ఎందుకు అనలేదు అని అడిగేసింది. నళిని తడిచీర కొస ఆమె చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని చాలాసేపు పిండింది. తర్వాత చీర వైపే చూస్తూ చెప్పింది.

"ఆయన ఎప్పుడూ ఏస్తడమ్మా. మూత చూడడు. నేను మరిచిపోతనని ఆయన నమ్మకం. అందుకే నేను సగమే ఏసి మూత తిప్పుత. మిగిలిన సగం ఆయన గుప్పెడు. ఇరవై ఎనిమిదేండ్ల సంది గట్లనే."

అభిజ్ఞ చీర పిండడం ఆపేసింది. అయ్యగారి చేతి ప్రసాదం అని ఇన్నేళ్లుగా గల్లీ అంతా మెచ్చుకున్నది, ఈమె వదిలిపెట్టిన సగం ఖాళీ అన్నమాట. ఒక మనిషి తప్పు చేస్తాడని ముందే తెలిసి, ఆ తప్పు సరిగ్గా పట్టేంత చోటు రోజూ కొలిచి వదిలిపెట్టడం. దానికి ఎంత నేర్పు కావాలి. ఏ ల్యాబులో నేర్పుతారు అది. నళిని ఇంకా చెబుతోంది. మొన్న ఆదివారం చివరిదాకా కోడలు తోడున్నది కదా, ఆయన ఇక ఉప్పులో చెయ్యి పెట్టడనుకుని ఉప్పు పూర్తిగా వేసిందట. కొత్తలో ఇలాగే ఎక్కువైనప్పుడల్లా తన పేరే చెప్పేవారట. అత్తగారు, ఆడబిడ్డలు, గుడికొచ్చే వాళ్లందరూ నవ్వేవారట. ఆ తర్వాతే ఈ మూత తిప్పడం, ఈ సగం వేయడం తనే కనిపెట్టుకుందట.

"మొన్న మైకుల నీ పేరు చెప్పినప్పుడు..." నళిని ఆగింది. "అబద్ధమెందుకు, నాకు పానం జర నిమ్మళమైంది. ఇన్నేండ్లకు నా పేరు గాదు గదా అని. ఆ తర్వాత అన్నం పోలే నాకు."

కోపం రావాల్సింది. వచ్చింది కూడా, కానీ అది నళిని దగ్గర ఆగలేదు, ఆమెను దాటుకుని పోయింది. ఒక ఆడమనిషికి నిమ్మళం దొరకాలంటే ఇంకో ఆడమనిషి వచ్చి ఆ తిట్టు కింద నిలబడాల్సిన ఇల్లు ఇది. తన తర్వాత కూడా ఎవరో ఒకరు వస్తారు, అప్పుడు తనకూ నిమ్మళంగా ఉంటుంది. అభిజ్ఞ చీరను తాడు మీద వేసి అంచులు సరిచేసింది. నేను రేపు క్షమాపణ అడగను అత్తయ్యా అని మాత్రం చెప్పింది. నళిని బట్టలకు క్లిప్పులు పెట్టడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రమే టిఫిన్ డబ్బా మీది మామిడిపండు స్టిక్కర్‌కు కొబ్బరినూనె రాసి గోటితో గీకింది. జిగురు పోయేదాకా తోమింది. కింద తన పేరు కొత్తదానిలా మెరిసింది. గోవింద్ వంటింట్లోకి వచ్చి చూశాడు. ఆఫీసుల మళ్లీ నవ్వుతరు అభీ అని గొణిగాడు. నవ్వనీ, లేకపోతే వేరే డబ్బా కొనుక్కో అంది, నెమ్మదిగానే. అతను ఏదో అనబోయి ఆమె మొహం చూసి ఊరుకున్నాడు. వాళ్లిద్దరి మధ్య మాట అలా మధ్యలో ఆగిపోవడం అదే మొదటిసారి.

ఆదివారం తెల్లవారుజాము. అజాన్ అయింది, మైకులో గోవింద్ గొంతు మొదలైంది, ఫలక్‌నుమా రైలు కూత వేసింది. అన్నీ వాటి వేళకు అవి జరిగిపోతుంటే అభిజ్ఞకు ఆశ్చర్యంగా అనిపించింది. పొంగలి ఉడికింది. నళిని ఉప్పు వేసింది, సగమే. మూత తిరగేసింది. అప్పుడే రామానుజం వచ్చారు. ఎప్పటిలాగే చెయ్యి జాడీ వైపు చాచారు.

అభిజ్ఞ తన అరచెయ్యి తీసుకెళ్లి మూత మీద పెట్టింది.

నోరు తెరవలేదు, నియమం తప్పలేదు. ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఆమె చెయ్యి కింద మూత పింగాణీ అంచు జాడీకి తగిలి సన్నగా టకటకమంటోంది. కానీ తీయలేదు. ఆయన కళ్లెర్రజేసి చూశారు. అరిచే వీలు లేదు. ఆయన పెట్టిన నిశ్శబ్దమే ఆయనకు అడ్డం నిలబడింది. మాట్లాడకుండా వెనక్కి తిరిగి గుమ్మం దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. అప్పుడు నళిని ముందుకొచ్చింది. కోడలి చేతిని మెల్లగా పక్కకు తీసి, మూత తీసి, మిగిలిన సగం ఉప్పు వేసింది. కలిపింది. మూత మళ్లీ తిరగేసి పెట్టింది. ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి ఆ గిన్నెలో ఉప్పంతా ఆమె చేత్తో వేసిందే.

గోష్ఠిలో ఒక్క మొహం కూడా ముడుచుకోలేదు. జగదీశ్వర్ రెండోసారి దొప్ప చాచాడు. వచ్చిన పెద్దవాళ్లు ప్రసాదం అద్భుతంగా ఉందన్నారు, అయ్యగారి చెయ్యే వేరన్నారు. రామానుజం కళ్లు మూసుకుని అంతా కటాక్షం అన్నారు. తర్వాత మైకు చేతిలోకి తీసుకుని, మొన్న జరిగినదానికి మా కోడలు ఒక మాట చెబుతుందని, పెద్దమనసుతో వినమని కోరారు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. వంటింట్లో జరిగింది వంటింట్లోనే ఉండిపోతుందని ఆయనకు ఎంత నమ్మకమో చూసి అభిజ్ఞకు బెరుకు పోయింది.

లేచి వచ్చి మైకు అందుకుంది. గోవింద్ పక్కనే కూర్చుని ఉన్నాడు, బతిమాలుతున్నట్టు చూశాడు. ఆమె అందరికీ నమస్కారం పెట్టింది.

"పోయిన ఆదివారం పొంగలిల ఉప్పు ఎక్కువైంది. మీకందరికీ ఇబ్బంది అయింది. కానీ ఆ ఉప్పు నేను వేయలేదు. నేను చేయనిదానికి క్షమించుమని అడగలేను."

రామానుజం మొహం మీది చిరునవ్వు అలాగే ఉండిపోయింది, దించే సమయం దొరకనట్టు. కొందరి తలలు స్తంభం వైపు తిరిగాయి, నళిని వైపు. కోడలు కాకపోతే అత్త. వాళ్లకు తెలిసిన లెక్క అంతే. అభిజ్ఞకు అది అప్పుడు గానీ తట్టలేదు. తను పక్కకు జరిగితే ఆ పాత చోట్లో మళ్లీ ఎవరు నిలబడాల్సి వస్తుందో. మైకు పట్టుకుని అలాగే నిలబడింది.

నళిని లేచింది. చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని, కూర్చున్న ఆడవాళ్ల మధ్యలోంచి దారి చేసుకుంటూ నెమ్మదిగా నడిచి వచ్చింది. కోడలి చేతిలోంచి మైకు తీసుకుంది. ఎప్పుడూ మైకులో మాట్లాడిన మనిషి కాదు, మరీ దగ్గరగా పట్టుకుంది, ఆమె ఊపిరి గల్లీ అంతా వినపడింది.

"ఎక్కువైన ఉప్పు నేను గూడ వేయలే" అంది.

ఆ వంటింట్లోకి వెళ్లేది ముగ్గురేనని గుడిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.